కరకర

క్యాబేజీ మెత్తబడిందని నాన్న పళ్ళెం ముందుకి తోసేశాడు.

"ఇదా కరకర? నానిన కాగితం నములుతున్నట్టుంది."

అమ్మ తన పళ్ళెంలోంచి నాలుగు పోగులు తీసి నోట్లో వేసుకుంది. నిజమే, మెత్తబడింది. లాండ్రీలో ఇస్త్రీ పనికి పరుగెత్తే హడావిడిలో ఉప్పూ, వెనిగరూ, సోయా సాసూ అన్నీ పొద్దున్నే కలిపేసి మూత పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి గిన్నె అడుగున నీళ్ళు ఊరాయి. క్యాబేజీ తడిసిన గుడ్డపేలికలా వేలాడిపోయింది.

"రేపు సరిగ్గా చేస్తాలెండి," అంది.

"వాడెలా చేసేవాడు? డబ్బా మూత తీసి ఒక్క ముద్ద నమిలితే పక్క బెంచీ వాళ్ళు తిరిగి చూసేవాళ్ళు. అదీ కరకరంటే."

'వాడు' అనే మాట వినగానే ముగ్గురి చేతులూ ఆగిపోయాయి. ఆ మాట అన్న నాన్న చెయ్యి కూడా. ఆ ఇంట్లో వాడి ఊసు ఎత్తకూడదని పైకి అనకుండానే ఒక కట్టడి నడుస్తోంది. పెట్టింది నాన్నే, తప్పిందీ నాన్నే.

వాడంటే కింద వాటాలో ఉండే బాబాయ్. చుట్టమేం కాదు. గోదాములో నాన్న ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతుంటే వెనక నిలబడి దారి చూసేది అతనే. బండి వెనక్కి వస్తున్నప్పుడు ఎవరైనా అడ్డం వస్తే మెడలో తాడుకి వేలాడే స్టీలు ఈల ఊదుతాడు. ఇంటికొచ్చినా అది మెడలోంచి తియ్యడు కాబట్టి పిల్లలందరికీ ఈల బాబాయ్ అయిపోయాడు. వెనకటికి ఒక చైనా హోటల్లో కూరలు తరిగేవాడట. ఈ పచ్చి క్యాబేజీ విద్య అక్కడిదే. కరకర అన్న పేరు మాత్రం అతని సొంతం.

పోయిన వారం బండి వెనక్కి వస్తూ గాజుసామాను పెట్టెల వరసని గుద్దింది. ఒక పెట్టె జారి హమాలీ పాదం మీద పడింది. ఎముక విరిగి అతను ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ మూలన అప్పుడు ఉన్నది ముగ్గురే. గాజు పగిలిన చప్పుడు తప్ప హమాలీకి ఇంకేమీ గుర్తు లేదు. బాబాయ్ ఈల ఊదానన్నాడు. నాన్న ఊదలేదన్నాడు.

అంతే. బాబాయ్‌ని పనిలోంచి ఆపేశారు. నాన్నని మాత్రం సోమవారం విచారణ దాకా సెలవు పెట్టుకోమన్నారు. పట్టపగలు, పనికి పోవాల్సిన వేళ, ఒకరు పైన, ఒకరు కింద, ఇంటి బట్టల్లో కూర్చున్నారు.

"నాన్నా, ఇంకో క్యాబేజీ తెస్తాలే," అంది కూతురు పళ్ళాలు తీస్తూ.

"ఏంటీ?"

"క్యాబేజీ తెస్తానంటున్నా."

"ఆ గుసగుసలు మానమ్మా! నోట్లో నాలుకుంది కదా, మనిషికి వినపడేట్టు మాట్లాడు."

ఆ పిల్ల గొంతే అంత. బళ్ళో హాజరు పలికితే టీచరు తలెత్తి చూస్తేనే గానీ వచ్చిందో రాలేదో తెలియదు. గుసగుస అని పేరు పెట్టింది నాన్నే. "నా గుసగుస ఏమంటోందో నాకొక్కడికే వినపడుతుంది," అని అందరి ముందూ మురిసిపోయేవాడు. ఈమధ్య అదే పేరు తిట్టులా పలుకుతున్నాడు.

మెట్లు దిగితే ఎదురుగా బాబాయ్ వాళ్ళ గుమ్మం. అది దాటకుండా వీధిలోకి దారి లేదు. పిన్ని గుమ్మంలో కూర్చుని ఉల్లికాడలు బాగుచేస్తోంది. మామూలుగా అయితే "ఏం గుసగుసా, మీ అమ్మ ఇవాళ ఏం మాడ్చింది?" అని ఆపి, ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపేది కాదు. ఇప్పుడు కాడ మీద మట్టి గోటితో గీకుతూనే ఉంది. పిల్ల రెండు మెట్ల మీదే నిలబడిపోయింది.

"మీ నాన్నకి ఒక్క మాట చెప్తావా?" అంది పిన్ని తలెత్తకుండా. "వినపడలేదని చెప్పమను. ఊదలేదని ఎందుకు చెప్పాలి? ఊదలేదంటే మీ బాబాయ్ పని ఎగ్గొట్టినవాడు, పైగా అబద్ధాలకోరు. అలాంటివాణ్ణి ఇంకే గోదాము గేటు లోపలికి రానిస్తుంది? ఆ ఒక్క మాట మార్చి చెప్పమను."

"లోపలికి రా నువ్వు," అన్న గొంతు వినిపించింది. "పిల్లతోనా ఆ మాటలు?"

బాబాయ్ గడపలోకి వచ్చాడు. మెడ బోసిగా ఉంది. గుసగుస కళ్ళు వాటంతట అవే వెతికితే, ఈల లోపలి గోడ మేకుకి కనిపించింది.

"పోమ్మా, నీ పని చూసుకో," అన్నాడు. అని, తనే ఆపాడు. "మీ నాన్న అబద్ధం ఆడే మనిషి కాదే. అదే నాకు మింగుడు పడట్లేదు."

పిన్ని చేతిలో ఉల్లికాడ పుటుక్కున విరిగింది. "అయితే నేనాడుతున్నానా, మీరాడుతున్నారా?"

గుసగుస వీధిలోకి వచ్చి, కూరల కొట్టు దాటిపోయి, మళ్ళీ వెనక్కి వచ్చి క్యాబేజీ కొంది.

ఆ మాట నాన్నతో అనడానికి నోరు పెగల్లేదు. అమ్మ చెవిన వేసింది. సాయంత్రం అమ్మ ఇస్త్రీ చేసిచేసి బిగుసుకుపోయిన మణికట్టు రుద్దుకుంటూ, ఏదో ఉత్తినే అడిగినట్టు అడిగింది.

"వినపడలేదంటే మనకి పోయేదేముందండీ?"

"ఎవరన్నారు ఈ మాట? కింద నుంచి వచ్చిందా?"

"ఎక్కణ్ణుంచి వస్తేనేం."

"పోయేదేముందా?" నాన్న కుర్చీ అమ్మ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "వినపడలేదని చెప్పిన మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి తోలతారు. ఆ కాగితం మీద ఏ చిన్న గీత అటూ ఇటూ ఉన్నా నన్ను బండెక్కనివ్వరు. బండి దిగితే నేనేం చెయ్యాలి? ఈ వయసులో మూటలు మొయ్యనా? అయినా నా చెవులకేమైందట? గోదాములో నన్ను పాముచెవులంటారు. చక్రంలో రాయి ఇరుక్కుంటే కిందకి దిగకుండా ఏ చక్రమో చెప్తాను. వాడు ఊదితే నాకు వినపడదా? వినపడలేదంటే ఊదలేదనే. రెండూ ఒకటే."

"ఒకటేలెండి," అంది అమ్మ వెంటనే. మరీ వెంటనే అంది.

శనివారం అమ్మకి సెలవు. వారం బట్టలన్నీ వెనక వసారాలో నానబెట్టుకుని కుళాయి దగ్గర కూర్చుంది. నాన్న వంటింట్లోకి వచ్చి నడుముకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"కరకర ఇవాళ నేను చేస్తా. మీ వల్ల అయ్యేట్టు లేదు."

"చెయ్యండి, మేమూ చూస్తాం," అంది అమ్మ. "పొయ్యి మీద కుక్కరుంది. మూడు కూతలకి కట్టెయ్యండి."

నాన్న క్యాబేజీ పై ఆకులు వొలిచి, మధ్యకి నరికి, గట్టి కాడని ఏటవాలుగా రెండు గాట్లు పెట్టి తీసేశాడు. బోర్లించి సన్నగా తరగడం మొదలుపెట్టాడు. ఏ పని చేసినా మనిషి శ్రద్ధగానే చేస్తాడు. గుసగుస గుమ్మం పక్కన కూర్చుని క్యారెట్ చెక్కు తీస్తోంది.

కుక్కర్ కూసింది. కాసేపాగి మళ్ళీ కూసింది. మూడోది కూసింది, నాలుగోది కూసింది. కిటికీ ఊచ మీద పావురం బెదిరి లేచిపోయింది. నాన్న వీపు వెనక ఆవిరి బుసకొడుతూనే ఉంది. ముందు కత్తి ఒకే తీరుగా నడుస్తూనే ఉంది.

"కట్టెయ్యరేంటండీ!" అమ్మ వసారాలోంచి గావుకేక పెట్టింది. "చెవుల్లో దూది పెట్టుకున్నారా?"

గుసగుస లేచి పొయ్యి కట్టేసింది. పక్కనుంచి చెయ్యి రాగానే నాన్న ఉలిక్కిపడ్డాడు. కుక్కర్ వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశాడు.

"సోమవారం సంగతి ఆలోచిస్తున్నా," అన్నాడు. అని గొంతు పెంచాడు. "తరవాతేంటి చెప్పు!"

"ఉప్పు రాసి, కాసేపుంచి, పిండి కలపండి!"

నాన్న ఉప్పు రాశాడు. కాసేపు ఉంచాడు. చేతులు నడుమున పెట్టుకుని అల్మారాలో డబ్బాల వైపు చూశాడు.

"ఎంత పిండి?"

కుళాయి ధారగా పడుతోంది. అమ్మ చొక్కా జాడిస్తూ అరిచింది. "గుప్పెడు గుప్పెడుగా! గట్టిగా!"

నాన్న మైదా డబ్బా దించాడు.

"అది కాదు నాన్నా," అంది గుసగుస. "నీళ్ళు పిండమంటోంది."

నాన్న డబ్బా మూత తిప్పుతున్నాడు.

"నాన్నా, పిండి వెయ్యకు."

ఒక గుప్పెడు పడింది. చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. కానీ నాన్న చెయ్యి పట్టుకునే చనువు ఆ వారం ఇంట్లో ఎవరికీ లేదు. ఇంకో గుప్పెడు పడింది. అతను రెండు చేతులా బాగా కలిపాడు. ఉప్పుకి ఊరిన నీళ్ళల్లో మైదా ముద్దకట్టి, క్యాబేజీ పోగులు గోడకి పోస్టర్లు అంటించే జిగురులా తయారయ్యాయి.

అమ్మ తడి చేతుల్తో వచ్చి గిన్నెలోకి చూసింది. నాన్న మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు.

"ఇదేంటండీ?"

"నువ్వేగా పిండి కలపమన్నావు."

అమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడి, పొట్ట పట్టుకుని కింద కూలబడింది. "పిండి అంటే పిండి కాదండీ మహానుభావా, పిండి! ఇదిగో, ఇలా!" అని భుజం మీదున్న తడి తువ్వాలుని మెలిపెట్టి చూపించింది. నీళ్ళు గచ్చు మీద ధారకట్టాయి. గుసగుస మోకాళ్ళలో ముఖం దాచుకుని నవ్వింది. నాన్న మీసం కింద కూడా నవ్వు కదిలింది. వారం రోజులుగా ఆ ఇంట్లో నవ్వన్నది అదే.

అంతలోనే అతని ముఖం మూసుకుపోయింది.

"నవ్వండి. కింద వాళ్ళని కూడా పిలిచి చూపించి నవ్వండి." కుళాయి కింద చేతులు కడుక్కుంటూ కూతురి వైపు తిరిగాడు. "నువ్విక్కడే ఉన్నావు కదే. కళ్ళప్పగించి చూడకపోతే నోరు విప్పి చెప్పొచ్చుగా?"

"చెప్పాను నాన్నా."

"ఏంటీ?"

"చెప్పాను."

అతను ఆమె కళ్ళల్లోకి చూడటం లేదు. పెదవుల వైపు చూస్తున్నాడు. పాఠం రానివాడు పక్కవాడి పలక వైపు చూసినట్టు ఉంది ఆ చూపు. గుసగుసకి భయం వేసింది. ఎందుకో మాత్రం తెలియలేదు. తన గొంతుదే తప్పని రోజూలాగే అనుకుని ఊరుకుంది.

ఆదివారం నాన్న మళ్ళీ క్యాబేజీ తెచ్చాడు. ఈసారి తనే ఏరి, వేలితో తట్టి, చేతిలో బరువు చూసి తెచ్చాడు.

"ఉప్పూ వద్దు, పిండడాలూ వద్దు," అన్నాడు. "వాడు మంచునీళ్ళల్లో వేసేవాడు. ఇప్పుడు గుర్తొచ్చింది."

పంతం పట్టిన మనిషిలా చేశాడు. ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, వెంట్రుకల్లా తరిగాడు. క్యారెట్ అగ్గిపుల్లల్లా చీల్చాడు. ఉల్లికాడలు ఏటవాలుగా కోశాడు. అన్నిటినీ మంచుముక్కలు వేసిన నీళ్ళలో ముంచాడు. కాసేపటికి పోగులు బిర్రబిగిసి వంపులు తిరిగాయి. వాటిని వడగట్టి, పొడి తువ్వాలు పరిచి, దాని మీద పలచగా ఆరబోసి, పై నుంచి ఇంకో తువ్వాలు కప్పి అద్దాడు. "తడి ఉంటే పులుపు పట్టదు. జారిపోతుంది," అని గుసగుసకి చెప్పాడు. గొంతులో పాత నాన్న తొంగిచూశాడు. ఆమె నువ్వులు వేయించింది. చిటపటమనగానే దించి, వేరుశెనగ పలుకులు కచ్చాపచ్చాగా దంచింది. నాన్న వెనిగర్‌లో సోయా సాసు, చెంచాడు పంచదార, అల్లం రసం, నువ్వుల నూనె, కాస్త మిరపగింజల కారం వేసి చిన్న సీసాలో పోసి మూత బిగించి గిలకొట్టాడు.

"పళ్ళేల ముందు కూర్చున్నాకే కలపాలి. ముందు కలిపామా, చచ్చినట్టే."

ముగ్గురూ కూర్చున్నారు. నాన్న సీసా వంచాడు, రెండు చేతులా పైపైన ఎగరేసి కలిపాడు, పలుకులూ నువ్వులూ చల్లాడు. తలా ఇంత పెట్టాడు.

గుసగుస నోట్లో పెట్టుకుని కొరికింది. తల లోపల ఎండుపుల్లల మీద నడుస్తున్నట్టు చప్పుడు. పక్కన అమ్మ నములుతుంటే ఆ చప్పుడూ వినపడుతోంది. పులుపు, తీపి, అల్లం ఘాటు నాలిక మీద ఒకదాన్నొకటి తరుముకున్నాయి. అమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

"అబ్బ! ఏం కుదిరిందండీ!"

నాన్న నములుతున్నాడు. నమిలేవాడల్లా ఆగాడు. మళ్ళీ నమిలాడు. ముద్ద మింగకుండానే పళ్ళెం వంక చూశాడు.

"మెత్తబడింది," అన్నాడు.

అమ్మ దవడ ఆగిపోయింది.

"ఇంత చేశాక కూడా మెత్తబడిపోయింది. క్యాబేజీయే పాతది. లేకపోతే నువ్వు తడి చెయ్యి పెట్టావు. నేను అటు తిరగ్గానే పెట్టుంటావు."

"నేనా? నేను వంటింట్లోకే రాలేదండీ."

"మరి కరకర ఏది? ఏదీ? ఒక్క పని సవ్యంగా జరగనివ్వరు ఈ ఇంట్లో. అక్కడ వాడు, ఇక్కడ నువ్వు. అందరూ కలిసి..."

అమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. గుసగుస నోట్లో ఇంకా ముద్ద ఉంది. నమిలితే చప్పుడవుతుందని నమలడం లేదు. ఆ భయమే ఆమెకి దారి చూపించింది. చప్పుడవుతుందని తను నోరు కదపకుండా కూర్చుంది. నాన్న ఆ చప్పుడే లేదంటున్నాడు. కుక్కర్. మైదా డబ్బా. తన పెదవుల మీద నాన్న చూపు. మేకుకి వేలాడే ఈల.

ముద్ద మింగేసింది.

"కరకరలాడుతోంది నాన్నా."

"ఏంటీ?"

"కరకరలాడుతోంది. నీకే వినపడట్లేదు."

"నోర్ముయ్యవే!" అంది అమ్మ.

గుసగుస అమ్మ వైపు తిరిగింది. అమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. భయమొక్కటే ఉంది, అదీ ఇవాళ పుట్టిన భయంలా లేదు. అమ్మకి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు.

నాన్న ఇద్దరినీ చూశాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు. పళ్ళెం చేత్తో పట్టుకుని లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు.

గుసగుస వెనకాలే వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. నాన్న బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కొంచెం కొంచెంగా నోట్లో పెట్టుకుంటున్నాడు. ఒక చెవి అరచేత్తో మూసుకుని నమిలాడు. రెండోది మూసుకుని నమిలాడు. తరవాత దవడ మీద వేళ్ళు పెట్టి నమిలాడు.

"పళ్ళకి తెలుస్తోంది," అన్నాడు, ఎవరితోనో కాదు. "చెవికే రావట్లేదు. మోతలూ అరుపులూ వస్తున్నాయి గానీ, సన్న చప్పుళ్ళే పోతున్నాయి."

నీడ చూసి తల తిప్పాడు. "ఇలా రా." పళ్ళెం ఆమె చేతిలో పెట్టి, లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "నా వెనక నిలబడి నములు. వినపడగానే చెయ్యెత్తుతా."

గుసగుస గుప్పెడు నోట్లో కుక్కుకుంది. కసిగా నమిలింది. చప్పుడు ఆమె చెవుల్లో హోరెత్తింది. నాన్న భుజాలు బిగించి, తల కాస్త పక్కకి వంచి, బండి చక్రం వినేటప్పుడు వంచినట్టే వంచి, వింటున్నాడు. చెయ్యి లేవలేదు.

"ఊఁ, మొదలుపెట్టు," అన్నాడు గోడతో.

"అయిపోయింది నాన్నా."

అతను కదల్లేదు. ఆమె ముందుకెళ్ళి అతనికి ముఖం కనిపించేట్టు నిలబడి మళ్ళీ చెప్పింది. "నమిలేశాను. మింగేశాను కూడా."

నాన్న ఆమె పెదవుల వైపే చూశాడు. మెల్లగా తల ఊపాడు.

ఆ సాయంత్రమంతా అమ్మ అతని చుట్టూ తిరుగుతూనే ఉంది. "రేపొక్కరోజు గడవనివ్వండి. ఎప్పుడో చెప్పేసిన మాటేగా, మళ్ళీ అదే చెప్పండి. తరవాత నెమ్మదిగా మంచి డాక్టరుకి చూపించుకుందాం. ఎవరికీ తెలియక్కర్లేదు. మీరు బండి దిగితే నా ఇస్త్రీ పెట్టెతో ఈ ఇల్లు నడుస్తుందా, మీరే చెప్పండి." ముఖం ఎదురుగా పెట్టి, ప్రతి మాటా పొడి పొడిగా పలుకుతోంది. నాన్న వింటున్నాడో, చూస్తున్నాడో తెలియడం లేదు. కింద వాటాలోంచి గిన్నెల చప్పుడు వస్తోంది. ఆ ఇల్లు దేనితో నడుస్తుందని గుసగుస అడగాలనుకుంది. అడగలేదు. ఆ రోజుకి ఉన్న ధైర్యమంతా ఒక్క మాటకే అయిపోయింది.

సోమవారం లేచేసరికి వంటింట్లో కత్తి చప్పుడు. నాన్న మిగిలిన అరచెక్క క్యాబేజీ తరుగుతున్నాడు. గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తువ్వాలు మీద పోగులు అప్పటికే ఆరుతున్నాయి. బల్ల మీద రెండు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. రెండిట్లోకీ సమానంగా సర్దాడు. ఒకదాంట్లోది కాస్త తీసి రెండోదాంట్లో వేశాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఆ రెండో డబ్బా వంక చూసింది. నోరు తెరిచింది. ఏం అనుకుందో, లోపలికి వెళ్ళి అతని జేబురుమాలు తెచ్చి చేతిలో పెట్టింది.

నాన్న మెట్లు దిగాడు. గుసగుస సగం దాకా దిగి ఆగిపోయింది. తలుపు కొట్టగానే పిన్ని తీసింది. చూసి, తలుపు మళ్ళీ వెయ్యబోయింది.

"వాణ్ణి పిలువమ్మా."

"ఎందుకు బావగారూ? అక్కడ అన్నది చాలక ఇక్కడ కూడా అంటారా?"

బాబాయ్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చాడు. కళ్ళ కింద ఉబ్బి ఉంది. ఇద్దరూ గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

"నీ ఈల ఏది?" అన్నాడు నాన్న.

"ఎందుకన్నా?"

"తే."

బాబాయ్ పెళ్ళాం వంక చూశాడు, మేకు మీంచి ఈల తీశాడు.

"ఊదు."

"పొద్దున్నే ఇదేం..."

"ఊదరా. ఆ రోజు ఊదినంత గట్టిగా ఊదు."

బాబాయ్ ఈల నోట్లో పెట్టుకున్నాడు. బుగ్గలు పొంగాయి, మెడ నరాలు తేలాయి. పిన్ని రెండు చెవులూ మూసుకుంది. మెట్ల మీద గుసగుస కూడా మూసుకుంది. అయినా ఆ చప్పుడు వేళ్ళ సందుల్లోంచి సూదిలా దిగింది. ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకుంది. ఎవరో "ఏమైంది?" అని అరిచారు.

నాన్న బాబాయ్ బుగ్గల వైపే చూస్తున్నాడు. అవి తగ్గేదాకా చూశాడు. తరవాత పిన్ని చెవుల మీది చేతులు చూశాడు. తల తిప్పి మెట్ల మీద కూతుర్ని చూశాడు.

"ఊదావు," అన్నాడు.

బాబాయ్ ఈల నోట్లోంచి తీశాడు. ఏదో అనబోయి నాన్న ముఖం చూసి ఆగాడు. అప్పుడు అతనికి అర్థమైంది. ఒక అడుగు ముందుకేసి గడప దాటాడు.

"అన్నా..." ఆ మాట గట్టిగా అనలేకపోయాడు. అయినా నాన్న పెదవులు చూసి తల ఊపాడు.

"ఊదలేదని చెప్పాను. వినపడలేదని చెప్పాల్సింది. ఆ సంగతి నా నోటితోనే చెప్తాను, ఎదురుగా. పద, ఆలస్యమవుతోంది."

"బండి దింపేస్తారన్నా."

"దింపనీ. చెప్పులేసుకో."

ఒక డబ్బా అతని చేతిలో పెట్టాడు. బాబాయ్ మూత కొంచెం ఎత్తి చూసి, రెండు పోగులు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. పొద్దుటి నిశ్శబ్దంలో అది గుమ్మం దాకా వినపడింది. పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు నాన్న. "నిజం చెప్పు. నాకు తెలియదు."

"చప్పగా ఉంది," అన్నాడు బాబాయ్. "పులుపు కలపలేదు. కానీ కరకరలాడుతోందన్నా."

ఇద్దరూ వీధిలోకి నడిచారు. ఒకరి చెయ్యి ఇంకొకరి భుజం మీద పడలేదు. మధ్యలో మనిషి పట్టేంత ఎడం ఉంది. ఆ ఎడం ఎప్పటికి తగ్గుతుందో గుసగుసకి తెలియదు. సాయంత్రం నాన్న ఏ కబురుతో ఇంటికొస్తాడో కూడా తెలియదు.

పైకి వచ్చేసరికి వంటింటి బల్ల మీద చిన్న సీసా కనిపించింది. నిన్న మిగిలిన పులుపు. మూత బిగించి, తీసుకెళ్ళడానికని చివరన పెట్టి, మర్చిపోయాడు.

గుసగుస సీసా పట్టుకుని మెట్లన్నీ దూకేసింది. ఇద్దరూ అప్పటికే వీధి మలుపు దగ్గరికి చేరారు.

"నాన్నా," అంది. అది తన చెవికే సరిగ్గా వినపడలేదు.

నాన్న నడుస్తూనే ఉన్నాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే గోడ చాటవుతాడు. ఆమె నడి వీధిలో నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, కడుపులో ఉన్న ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుంది.

"నాన్నా! పులుపు మర్చిపోయావ్!"

వీధిలో వాళ్ళంతా తిరిగి చూశారు. నాన్న కూడా.